దొర కోసిచ్చిన తుపాకీ

సుంగై సుమున్,
10 మార్చి 1957

బావమరిది గోపాలసామికి బావ కాంతయ్య దీవించి రాయునది.

ఇక్కడ అందరం బాగున్నాము. మీ అక్కకి మోకాలు నొప్పి తప్ప వేరే బాధ లేదు. నాకు మీ అక్క తప్ప వేరే బాధ లేదు.

మన పెద్ద దొర వచ్చే వారం ఓడెక్కుతున్నాడు. మెర్డెకా వచ్చేస్తాది కదా, స్వతంత్రం వచ్చాక ఇంక ఈ దేశంలో తనకేటి పని అని రబ్బరు తోటని కొత్త కంపెనీకి అప్పగించి పోతున్నాడు. మొన్న గురువారం సాయంత్రం ఆఫీసు వరండాలో స్టాఫు అందరినీ వరసగా నిలబెట్టి బహుమానాలు ఇచ్చినాడు. ఫిట్టరు సుబ్రమణియానికి చేతి గడియారం. ఆస్పత్రి డ్రెస్సరుకి గొడుగు. ఆఫీసు లెక్కలు రాసే పెద్ద కిరాణిని కదా, నాకేటిచ్చినాడో ఊహించు. నీ వల్ల కాదు. తుపాకీ.

నవ్వకు. మొదటి యుద్ధంలో సిపాయిలు మోసిన రైఫిలు ఇది. ఇనుము మీద కిరీటం గుర్తు, దాని కింద 1917 అని అచ్చు ఉన్నాది. నీకన్నా ఐదేళ్ళు చిన్నది, నీకన్నా తక్కువ చప్పుడు చేస్తాది. దొర నా భుజం మీద చెయ్యేసి, "కాంతయ్యా, దీన్ని పారెయ్యకు, పాత సైన్యం తుపాకులు సేకరించే పిచ్చివాళ్ళు ప్రపంచం నిండా ఉన్నారు, ఏడాదికేడాది విలువ పెరుగుతాది" అన్నాడు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో దొర నా భుజం మీద చెయ్యెయ్యడం ఇది రెండోసారి. మొదటిసారి తేనెటీగ వాలితే దులిపినాడు.

తెలుక్ ఆన్సన్ పోలీసు స్టేషనుకి తన కార్లోనే తీసుకెళ్ళి లైసెన్సు నా పేరున మార్పించినాడు. అడవిలో కమ్యూనిస్టులతో పోరు నడిచే ఈ ఎమర్జెన్సీలో లైసెన్సు లేని తుపాకీ ఇంట్లో దొరికితే ఉరే కదా. అందుకని మీ అక్క ఆ కాగితాన్ని అమ్మవారి పటం వెనక పెట్టినాది.

అసలు సంగతికి వస్తాను. కొత్త కంపెనీ తన కిరాణిని తనే తెచ్చుకుంటాదట. సెప్టెంబరు ఆఖరికి ఈ తోట ఇల్లు నేను ఖాళీ చెయ్యాల. కడై వీధి కొట్ల వెనక ఒక చీనా తౌకే, పెద్ద షావుకారు, తన ఇల్లు అమ్ముతున్నాడు. రెండు గదులు, రేకుల కప్పు, తియ్యటి నీళ్ళ బావి. నా దగ్గరున్నదానికి ఎనిమిది వందల డాలర్లు తక్కువ పడుతున్నాది. సెప్టెంబరు దాకా ఆగుతానన్నాడు. ఆ లోటు ఈ తుపాకీ పూడుస్తాదని నా నమ్మకం. నువ్వు కౌలాలంపూర్‌లో పెద్దవాళ్ళతో తిరుగుతావు, వాళ్ళని తిట్టడానికే అయినా. సేకరించేవాళ్ళెవరైనా ఉంటే ఖరీదు కనుక్కొని రాయి.

నీ మంచి కోరే
కాంతయ్య

తమ్ముడూ, మీ బావ తుపాకీని మంచం మీద తొంగోబెట్టి తను చాప మీద తొంగుంటన్నాడు. బేగి అమ్మించు. అక్క చిన్నతల్లి.


కౌలాలంపూర్,
24 మార్చి 1957

బావకి గోపాలసామి నమస్కారం.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి కోపమొచ్చింది. మూడోసారి ఆ కోపం సరిపోలేదనిపించింది.

ఇరవయ్యారేళ్ళు బావా. జపానువాడు దిగినప్పుడు దొర సింగపూరు దారి పట్టాడు. తోట రిజిస్టర్లు రబ్బరు షీట్లలో చుట్టి కొబ్బరి చెట్ల కింద పాతిపెట్టి కాపాడింది నువ్వు. ఎమర్జెన్సీ మొదట్లో అడవిలోంచి తూటాలు వచ్చే రోజుల్లో జీతాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని లారీ ముందు సీట్లో కూచున్నది నువ్వు. వెనక పోలీసుల మధ్య కూచున్నది దొర. దానికి ప్రతిఫలం తను వాడి వదిలేసిన తుపాకీ. చేతి మీద పెట్టగానే నీ కళ్ళు చెమ్మగిల్లి ఉంటాయి, నాకు తెలుసు.

బహుమానం అంటే ఏమిటో చెప్తాను విను. ఇవ్వాల్సింది ఎగ్గొట్టేవాడు నవ్వుతూ చేతిలో పెట్టేదాన్ని బహుమానం అంటారు. నేను పనిచేసే స్టాఫు సంఘం కంపెనీలతో రాయించుకున్న ఒప్పందం ఉంది. ఏడాది సర్వీసుకి పదిహేను రోజుల జీతం చొప్పున వెళ్ళిపోయేవాడికి గ్రాట్యుటీ ఇచ్చి తీరాలి. దానికొక ఫారం ఉంది, దాని మీద మేనేజరు సంతకం ఉండాలి. మీ దొర ఆ సంతకం పెట్టాడా? తుపాకీతో పాటు తూటాలు ఇచ్చాడా? రెండింటికీ తిన్నగా జవాబు రాయి. దొర మనసు వెన్న అని రాయకు.

సరే, అడిగావు కాబట్టి ఖరీదు సంగతి. బటూ రోడ్డులో లిమ్ అనే చీనా పళ్ళ డాక్టరు ఉన్నాడు. వైద్యశాల గోడ నిండా పాత తుపాకులు, ఒక్కోదాని పక్కన దాని లైసెన్సు పటం కట్టి ఉంటుంది. ఊరికే పోయి అడిగితే పలకడు, పేషెంట్లతోనే మాట్లాడతాడు. పన్ను నొప్పని అబద్ధమాడి కుర్చీ ఎక్కాను. నోరు తెరిపించి, దూది కుక్కి, పావుగంట ఉపన్యాసం ఇచ్చాడు. తిరిగి జవాబు చెప్పలేని ఉపన్యాసం నా జన్మలో అదే మొదటిది.

1917 అనగానే అతని కళ్ళు మెరిశాయి. ఈ ఎమర్జెన్సీలో ఈ దేశంలో పాత తుపాకీ అమ్మకానికి దొరకడమే లేదట. గోడ మీద ఆ కాలానిది ఒకటి తక్కువైందట. బాగుంటే ఎనిమిది వందలకి వెనకాడనన్నాడు. కానీ ముందు ఒకటి తేల్చుకోమన్నాడు. యుద్ధంలో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందా, మధ్యలో ఎవరైనా మార్చారా? రాయి.

ఇంత చెప్పి బాగున్న పన్నుకి సిమెంటు పెట్టాడు.

నీ బావమరిది
గోపాలసామి


సుంగై సుమున్,
8 ఏప్రిల్ 1957

గోపాలసామికి బావ రాయునది.

తూటాలు ఇవ్వలేదు. ఫారం మీద సంతకం పెట్టలేదు. ఓడ తొందరలో మర్చిపోయినాడు. మనిషి అన్నాక మర్చిపోడా. నువ్వు మీ అక్క పెళ్ళికి రావడమే మర్చిపోయినావు, ఏదో మీటింగు ఉన్నాదని. నేనేమైనా అన్నానా?

డాక్టరు ఎనిమిది వందలంటే నాకు ప్రాణం లేచొచ్చినాది. తౌకేకి మాట ఇచ్చేసినాను. పోయిన వారం బావి నీళ్ళు ఒకసారి తోడి చూసినాను కూడా.

మార్పులు అని అడిగినావు. చెప్పుకోదగ్గవి ఏమీ లేవు. అడవి పందుల వేటకి బరువని దొర ముందున్న పొడుగు కర్ర సగానికి కోయించినాడు. ఇనప గొట్టం ఆరంగుళాలు పొట్టి చేయించినాడు. దూరం చూసే అద్దం బిగించడానికి పైన నాలుగు బెజ్జాలు వేయించినాడు. అద్దం తనతో పట్టుకుపోయినాడు, బెజ్జాలు ఉన్నాయి. భుజానికి ఆనే చోట కారు టైరు ముక్క మేకులతో కొట్టి ఉన్నాది. అంతే. మిగతాదంతా 1917.

పని కూడా ఏనాడో ఎవడో చేసింది కాదు. మన వర్కుషాపులో మన సుబ్రమణియమే రంపంతో కోసి, ఆకురాయి పట్టి నున్నగా చేసినాడు. వేలు పెట్టి రాస్తే గీసుకోదు. ఇల్లు మరమ్మతు చేయిస్తే ఖరీదు పెరుగుతాది గానీ తగ్గుతాదేటి? అదే మాట డాక్టరుకి చెప్పు. నోట్లో దూది పెట్టక ముందే చెప్పు.

ఆదివారం ఆదివారం నలుగురు వచ్చి తుపాకీ చూసిపోతున్నారు. డ్రెస్సరు గొడుగు చూడ్డానికి ఎవరూ పోవడం లేదు. నేను చెప్పినానని కాదు, ఉన్నమాట.

నీ బావ
కాంతయ్య

తమ్ముడూ, ఆ ఫారం మీ బావ సొరుగులోనే ఉన్నాది. కొత్త దొర వచ్చి మూడు వారాలైనాది, పోయి సంతకం అడగమంటే సిగ్గు పడతన్నాడు. అమ్మాయి అడిగినట్టు ఎలా అడుగుతానంటన్నాడు. అమ్మాయిలు బాగానే అడుగుతారు, ఈ మగోళ్ళకే సేతకాదు. అక్క.


కౌలాలంపూర్,
1 మే 1957

బావా,

మేడే ఊరేగింపు నుంచి ఇప్పుడే వచ్చాను. గొంతు పోయింది, కలం ఉంది.

డాక్టరు లిమ్ దగ్గరకి మళ్ళీ వెళ్ళాను. గొట్టం ఆరంగుళాలు కోశారని చెప్పేసరికి అతని చేతిలో మర జారింది. నా కింది పన్నుకి అంతకు ముందు లేని బెజ్జం వచ్చింది. నీ తుపాకీకి నాలుగు, నాకు ఒకటి.

అతను చెప్పింది ఇది. యుద్ధాలయ్యాక ఆ రైఫిళ్ళు గుట్టలుగా అమ్మేస్తే, దేశదేశాల్లో వేటగాళ్ళు చవగ్గా కొని, బరువని కర్ర కోసి, గొట్టం కోసి, అద్దాలు బిగించి వాడుకున్నారు. అలాంటివి కొల్లలు. కాలుస్తాయి, బాగానే కాలుస్తాయి. కానీ సేకరించేవాడు వాటిని ముట్టడు. రెండు సందర్భాల్లో తప్ప. సైన్యమే తన అవసరానికి మార్చి తన ముద్ర కొట్టి ఉండాలి. లేదా లండన్‌లో పేరుమోసిన తుపాకుల పనివాడు మార్చి తన పేరు చెక్కి ఉండాలి. నేను నోట్లో దూదితోనే సుబ్రమణియం అన్నాను. లండన్‌లో ఏ వీధి అని అడిగాడు.

కర్ర ఒక్కటే కోసి ఉంటే మళ్ళీ పాత కర్ర అమర్చి అసలు రూపానికి తేవచ్చట. అసలు రూపంలో ఉంటేనే విలువ అని మూడుసార్లు అన్నాడు.

నాకు అతని మీద కూడా కోపమొచ్చింది. నువ్వే చెప్పు బావా. మనుషుల్ని చంపినంత కాలం దానికి విలువ ఉందట. టపియోకా దుంపల తోటలు తవ్వేసే పందుల్ని కొట్టడానికి పనికొచ్చేలా మార్చగానే విలువ పోయిందట. పనిచేసే వస్తువుకి విలువ లేదు, పని మానేసి గోడకి వేలాడే వస్తువుకి ఉంది. ఈ లోకంలో మనుషులకి విలువ కట్టే పద్ధతి కూడా ఇదే. రబ్బరు చెట్టు గీసే టాపింగ్ కత్తి పట్టినవాడికి రోజుకూలీ, గోడ మీద పటంలో ఉన్నవాడికి పూలదండ. నోరు ఖాళీగా ఉంటే అక్కడే అడిగేవాణ్ణి. దూది తీసి మూసుకోమనేసరికి నాలుక మొద్దుబారి పోయింది, మాటలన్నీ వంకర తిరిగాయి.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, తుపాకీ మీద ఆశ పెట్టుకోకు. ఆ ఫారం పట్టుకుని కొత్త దొర ముందు నిలబడు.

నీ బావమరిది
గోపాలసామి


సుంగై సుమున్,
9 జూన్ 1957

గోపాలసామికి బావ కాంతయ్య ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం రాగానే ముందు దిగులు పడినాను. తర్వాత రెండోసారి చదివితే దారి కనపడినాది. అసలు రూపానికి తేవచ్చన్నావు. తెచ్చినాను.

కరుప్పయ్యని నువ్వెరుగుదువు. మన మారియమ్మ కోవెల్లో అమ్మవారి సింహ వాహనం, నెమలి వాహనం చెక్కింది ఆయనే. ఈ జిల్లాలో కర్రపని చేసేవాడు ఆయన్ని మించి లేడు. పాత రథం ఇరుసుకి తెచ్చిన టేకు దుంగ మిగిలి ఉంటే, దాంతో ముందు కర్ర పూర్తిగా కొత్తది చేసినాడు. నేను సాదాగా చెయ్యమన్నాను. నలభై ఏళ్ళ నుంచి దేవుడికి చెక్కిన చెయ్యి, సాదా అంటే ఒప్పుకోదు అన్నాడు. అందుకని గొట్టం పొడుగునా తామర రేకులు, చివర నెమలి తల చెక్కినాడు. గొట్టం నెమలి నోట్లోంచి వస్తాది. భుజం దగ్గర టైరు ముక్క పీకేసి రెండు చిలకలు పెట్టినాడు, ఎదురెదురుగా.

కోసేసిన ఆరంగుళాల గొట్టం ఏటి చెయ్యాలని ఆలోచించి, చెట్లకి మందు కొట్టే పాత పంపు ఇత్తడి గొట్టం అతికించినాం. చింతపండు వేసి తోమితే బంగారంలా ఉన్నాది. ఇప్పుడు తుపాకీ అసలు కన్నా రెండంగుళాలు ఎక్కువే. 1917 అనే అంకెలు డాక్టరుకి కళ్ళద్దాలు లేకపోయినా కనపడాలని ఎర్ర రంగు వేయించినాను. బెజ్జాలు నాలుగూ లక్కతో పూడ్చినాం. పైన రెండు పూతలు వార్నీషు.

శుక్రవారం కోవెల పూజారి గంధం, కుంకుమ పెట్టి హారతి ఇచ్చినాడు. ఫొటో తీయించి దీంతో పంపుతున్నాను. పక్కన నిలబడింది నేనే, తుపాకీ కన్నా పొట్టిగా ఉన్నానని మీ అక్క అంటున్నాది. డాక్టరుకి చూపించి, ఎనిమిది వందలకి ఒక్క డాలరు తగ్గినా ఇచ్చేది లేదని చెప్పు. కరుప్పయ్య పనితనానికి వేరే ఏటైనా ఇవ్వమని మర్యాదగా అడుగు.

నీ బావ
కాంతయ్య

తమ్ముడూ, ముసిలోళ్ళు వచ్చి తుపాకీకి దండాలు పెడతన్నారు. ఆఫీసులో టీ ఇచ్చే మన దాలమ్మ తన మనవరాలికి పెళ్ళి కుదరాలని చిలకల దగ్గర ముడుపు కట్టినాది. నేను రోజూ వంట ఆపి తలుపు తియ్యాల. అక్క.


కౌలాలంపూర్,
22 జూన్ 1957

బావా,

ఫొటో డాక్టరు లిమ్‌కి చూపించాను. అతను ముఖానికి కట్టుకున్న గుడ్డ తీశాడు. నేనీ మూడు నెలల్లో అతని నోరు చూడడం అదే మొదటిసారి. చాలాసేపు నవ్వాడు. లోపలున్న కాంపౌండరుని పిలిచి చూపించాడు. పక్క కుర్చీలో పన్ను పీకించుకుంటున్న పెద్దావిడకి చూపించాడు, ఆవిడ కూడా నవ్వింది. తర్వాత నన్ను అడిగాడు, ఈ ఫొటో నేను ఉంచుకోవచ్చా అని. తుపాకీ వద్దట. ఫొటోకి ఒక డాలరు ఇస్తానన్నాడు.

కర్ర అంటే ఆ రోజుల నాటి సైన్యం కర్ర బావా. ఆ నంబరుది, ఆ కార్ఖానాది. కరుప్పయ్యది కాదు. నేను ఆ మాట విడమరిచి రాయలేదు, తప్పు నాదే అనుకో. కానీ మందు పంపు గొట్టం అతికించమని నేను రాశానా?

ఇక ఉన్నమాట రాసేస్తాను, ఇంతకాలం నీ మొహం చూసి రాయలేదు. దాని విలువ సున్న. నువ్వు చిలకలు పెట్టకముందు కూడా సున్నే. దొరకి ఆ సంగతి తెలుసు. ఓడలో చోటు లేని సామాను నీ చేతిలో పెట్టి, ఇవ్వాల్సిన కాగితం మీద సంతకం పెట్టకుండా పోయాడు. అమ్ముడుపోనిది నీకిచ్చాడు.

తుపాకీనే కాదు, నిన్నూ అలాగే కోశాడు. మనం తోట బళ్ళో చదువుకున్నప్పుడు నువ్వెలా ఉండేవాడివి? కూలీల ఇళ్ళ లైన్ల ముందు వేదిక కడితే కంసుడి వేషం వేసి, కూలీల మీద పెత్తనం చేసే కంగాణిలు జడుసుకునేలా అరిచేవాడివి. ఆ మనిషిని తన ఆఫీసు బల్ల ఎత్తుకి సరిపోయేలా కత్తిరించి, అవునండి అనడానికి తప్ప నోరు తెరవకుండా బెజ్జాలు పూడ్చి, ఇరవయ్యారేళ్ళు వాడుకుని, ఇప్పుడు కొత్త కంపెనీకి పనికిరాడని వదిలేశాడు. నీకు కోపం రావడం లేదా? నాకొస్తోంది. నీ తరఫునా, తుపాకీ తరఫునా నేనొక్కణ్ణే కోపం తెచ్చుకోవాల్సి వస్తోంది.

దీంతో ఒక అర్జీ రాసి పంపుతున్నాను. "కూలీల నెత్తురు పీల్చి బలిసిన యాజమాన్యానికి" అని మొదలవుతుంది. సంతకం పెట్టి కొత్త దొర బల్ల మీద కొట్టు.

గోపాలసామి


సుంగై సుమున్,
1 జూలై 1957

శ్రీ గోపాలసామి గారికి కాంతయ్య నమస్కారం.

మీరు పంపిన అర్జీ తిప్పి పంపుతున్నాను. అందులో ఏడు తప్పులున్నాయి. ఎర్ర సిరాతో దిద్దినాను.

దొర నాకు అమ్ముడుపోనిది ఇచ్చినాడని రాసినారు. అయ్యుండొచ్చు. నేనూ అలాంటివాడినే అని రాసినారు. అదీ అయ్యుండొచ్చు. ఇరవయ్యారేళ్ళలో ఒక్కరోజు ఆఫీసుకి ఆలస్యంగా పోలేదు. ఒక్క రిజిస్టరులో కొట్టివేత లేదు. ఇది దొరకి తెలుసు అనుకున్నాను. తెలియకపోతే ఎవరికీ తెలియదు. అది చాలా దూరం ఆలోచించాల్సిన సంగతి, మీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఆలోచిస్తున్నాను.

ఇంటి సంగతి మేము చూసుకుంటాము. మీరు పళ్ళ డాక్టరు దగ్గరకి ఇంక పోనక్కర లేదు.

ఇట్లు
కాంతయ్య

తమ్ముడూ, ఈసారి నేను మీ బావ పక్షం. సిన్నప్పుడు కంసుడి వేషానికి మీసం నేనే పెట్టినాను, ఆ సంగతి నాకూ గుర్తుంది. నువ్వు సెప్పక్కర్లేదు. పొద్దస్తమానం వరండాలో కూకుంటన్నాడు. తుపాకీ చూడ్డానికి ఎవరొచ్చినా లేడని సెప్పమంటన్నాడు.


కౌలాలంపూర్,
18 ఆగస్టు 1957

బావా,

నువ్వు నన్ను గారు అన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఏడు వారాలు ఆగి రాస్తున్నాను. ఇంతకాలం ఎవరితోనూ వాదించకుండా ఉన్నాననుకోకు, నీతో తప్ప అందరితోనూ వాదించాను.

కోసిన తుపాకీ అన్నమాట నీ గురించి రాసి ఉండకూడదు. దొర మీద కోపాన్ని నీ మీద దించాను. అది పిరికితనం. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అర్జీలో తప్పులు ఏడు కాదు, ఐదు. రెండు చోట్ల నాదే ఒప్పు, నిఘంటువు చూసుకో.

ఆ తౌకే ఇల్లు ఇంకా ఉందా? గడువు దగ్గర పడింది. నా దగ్గర నూటపాతిక ఉన్నాయి, పంపిస్తాను. అది చాలదని తెలుసు. నా అర్జీ పారేసి నీ మాటల్లోనే ఇంకొకటి రాసుకో బావా, కానీ ఆ ఫారం మటుకు తీసుకెళ్ళు. నీది నువ్వు అడగడం అడుక్కోవడం కాదు.

గోపాలసామి


సుంగై సుమున్,
4 సెప్టెంబరు 1957

బావమరిది గోపాలసామికి బావ కాంతయ్య దీవించి రాయునది.

నీ నూటపాతిక నువ్వే ఉంచుకొని పళ్ళు కట్టించుకో. నాకు అవసరం లేదు. ఎందుకో చెప్తాను, కూచొని చదువు.

శనివారం మెర్డెకా కదా. ఫుట్‌బాల్ మైదానంలో తోరణాలు కట్టి, మైకులు పెట్టి, ఊరందరికీ గ్లాసుల్లో వేడి కోపి పోసినారు. ఆఫీసు ముందు పాత జెండా దింపి మడత పెట్టింది నేనే. సామాను రిజిస్టరులో "పాత జెండా ఒకటి, కొంచెం చిరిగినది" అని రాసుకున్నది నేనే. ఇంటికి వచ్చి ఆ మాట చెప్తే మీ అక్క, "జెండా దింపినోడివి ఒక కాయితం ఇచ్చుకోలేవా" అన్నాది. అన్నం వడ్డిస్తూ అన్నాది, గట్టిగా కూడా అనలేదు.

అప్పుడు నాకొకటి తోచినాది. ఇన్నాళ్ళూ నాకు నోరు పెగలనిది సిగ్గు వల్ల కాదు. బహుమానం ఇంట్లో పెట్టుకొని హక్కు అడగడం ఎలాగ? రెండూ పుచ్చుకుంటే ఆశపోతు అంటారు. కాబట్టి ముందు తుపాకీ కంపెనీకి తిరిగి అప్పజెప్పి, తర్వాత ఫారం ముందు పెడదామని నిర్ణయించినాను.

నిన్న మంగళవారం. తలంటుకొని తెల్లకోటు వేసుకున్నాను. మీ అక్క తుపాకీకి గంధం, కుంకుమ పెట్టి ఇచ్చినాది, వెళ్ళిపోయే వస్తువు కదా. అంత పొడుగుది పెట్టడానికి సంచీ లేదు. భుజాన వేసుకొని నడిచినాను. తొమ్మిదింటికి కొత్త దొర గదిలో ఒక్కడే ఉన్నాడు. పాతికేళ్ళ కుర్రోడు, దేశం వచ్చి ఐదు నెలలు. తలుపు తీసి లోపలికి పోయి, తుపాకీ భుజం మీంచి దించి, రెండు చేతులతో అతని ముందుకి చాపి, ఇంగ్లీషులో చెప్పినాను: "అయ్యా, నా ఇరవయ్యారేళ్ళ సంగతి ఈరోజు తేల్చుకోవడానికి వచ్చినాను."

లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తినాడు గోపాలసామీ. దొరల సీమలో పాత ఉద్యోగస్తులకి అలా మర్యాద చేస్తారు కాబోలు. తిరిగి మర్యాద చెయ్యాలి కదా, నేనూ ఒక చెయ్యి ఎత్తినాను, ఇంకో చేత్తో తుపాకీ పట్టుకున్నాను గనక.

నా అర్జీ చదివి వినిపిస్తానన్నాను. అక్కర్లేదన్నాడు. ఫారం తీస్తే చదవకుండానే సంతకం పెట్టినాడు. ఒక్కచోట పెట్టాలి, మూడు చోట్ల పెట్టినాడు. చదువుకోండయ్యా అంటే, మీ మీద పూర్తి నమ్మకం ఉన్నాది అన్నాడు. మాజీ దొర ఆ మాట ఎప్పుడూ అనలేదు. తుపాకీ బల్ల మీద పెట్టబోతే వద్దు వద్దు, అది మీదే, దయచేసి ఇంటికి తీసుకెళ్ళండి, ఇప్పుడే తీసుకెళ్ళండి అని మరీ మరీ బతిమాలినాడు. నన్ను ఉత్త చేతులతో పంపించడానికి మనసొప్పినట్టు లేదు.

అతనికి చలిజ్వరంలా వణుకు. చెమటలు. కొత్తగా వచ్చినవాళ్ళని మలేరియా తొందరగా పట్టుకుంటాది. క్వినైను వేసుకోమని చెప్పి, మీ అక్క చేత మిరియాల కషాయం కాయించి దాలమ్మకిచ్చి పంపినాను.

గ్రాట్యుటీ వస్తాది. ఇంటికి సరిపోగా మిగులుతాది. ఈ సాయంత్రం తౌకేకి బయానా ఇచ్చి వచ్చినాను.

దొరలంతా ఒకటే అని నువ్వు రాస్తావు. నేను వాదించను. కానీ నా సర్వీసు పుస్తకం అతను ముందే తీసి చదివి ఉండాల. లేకపోతే తెలియని మనిషిని చూసి లేచి నిలబడడు. మనం చేసింది ఎవరో ఒకరు చూస్తారు గోపాలసామీ, కాస్త ఆలస్యంగానైనా.

నీ బావ
కాంతయ్య


తమ్ముడూ,

ఈ సీటీ మీ బావకి తెలవకుండా కవరులో పెడతన్నాను. అంటించమని నాకిచ్చినాడు.

మీ బావ బయటికి పోగానే కొత్త దొర బల్ల కిందకి దూరిపోయినాడట. టీ పట్టికెళ్ళిన దాలమ్మ కళ్ళారా సూసినాది. ఎమర్జెన్సీలో దొరల్ని ఆఫీసుల్లోనే కాల్సేసినారని ఈ పిల్లోడికి ఓడలోనే సెప్పి పంపినారట. ఈరోజు మీ బావ తౌకే దగ్గరికి పోయినప్పుడు పోలీసు ఇనస్పెక్టరు మనింటికొచ్చినాడు. నేనే అమ్మోరి పటం ఎనక నుంచి లైసెన్సు తీసి సూపించినాను. తుపాకీ సూపించినాను. తూటాలు ఏటి కనబడలేదు. నెమిలి నోట్లోంచి మందు పంపు గొట్టం సూసి ఆ మనిషి అరుగు మీద కూలబడి నవ్వినాడు. నాకు భయంతో కాళ్ళు ఆడలేదు, ఆయనికి నవ్వుతో ఆడలేదు.

సంతకం కొట్టీమంటారేమోనని అడిగినాను. కొట్టీరట. పెద్దాఫీసుకి ఫోను సేస్తే, ఆ డబ్బు ఎలాగూ ఇవ్వాల్సిందే, ఎందుకింత ఆలస్యమైనాదని కొత్త దొరనే తిట్టినారట. బల్ల కింద సంగతి ఎవురికీ సెప్పొద్దని ఆ పిల్లోడు ఇనస్పెక్టరు కాళ్ళా వేళ్ళా పడినాడట. కషాయం మటుకు తాగినాడు.

మీ బావకి ఇదేటీ తెలవదు. రెండు రోజులుగా కడై వీధిలో తలెత్తుకు నడస్తన్నాడు. వరండాలో కూకోడం మానేసినాడు. రాత్తిరి కూర బాగుందన్నాడు, ఇరవై ఏళ్ళకి. నీకు ఉన్నమాట రాసేసే జబ్బు ఉన్నాది తమ్ముడూ. ఆయన సర్వీసు పుస్తకం ఎవురూ సదవలేదని నీ సేత్తో రాస్తే, నేను సచ్చిపోయినా నా గుమ్మం ఎక్కొద్దు.

అక్క చిన్నతల్లి


కౌలాలంపూర్,
10 సెప్టెంబరు 1957

బావకి గోపాలసామి నమస్కారం.

నీ ఉత్తరం అందింది. జవాబు రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. ఇది ఐదోది.

గృహప్రవేశానికి రెండు రోజులు ముందే వస్తాను. అక్కకి బియ్యం ఏరడానికీ, నీకు సామాను మోయడానికీ మనిషి కావాలి కదా. మీటింగు ఉంది, మానేశాను.

సంఘంలో నీ సంగతి చెప్పాను. ఇరవై ఏళ్ళుగా కంపెనీల గుమ్మాల్లో అర్జీలు పట్టుకుని నిలబడుతున్నాం, మొదటి రోజే సంతకం పెట్టించుకున్నవాడు మాలో ఒక్కడూ లేడు. ఏం మాట్లాడావో వచ్చి చెప్పమంటున్నారు. నువ్వే చెప్పు, నేను చెప్పను.

నువ్వు రాసింది నిజం బావా. కొత్త దొర మంచివాడు. నీ సర్వీసు పుస్తకం చదివే ఉంటాడు. చదివి, నువ్వు లోపలికి రాగానే లేచి నిలబడ్డాడు.

దీని మీద నాకు వాదన లేదు.

నీ బావమరిది
గోపాలసామి